యాసంగి నాట్లు, మార్చి కరెంటు

ఒక ప్రాంతానికి ఏ నెలలో, ఏ గంటలో ఎంత విద్యుత్తు కావాలో నిర్ణయించేది ఎండే అన్నది సాధారణంగా వినిపించే సమాధానం, దేశం మొత్తం మీద లెక్కిస్తే ఆ సమాధానంలో తప్పు కూడా లేదు. భారతదేశపు గరిష్ఠ డిమాండ్ 2024 మే 30న రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. ఢిల్లీ నగరం అదే ఏడాది జూన్ 19న 8,656 మెగావాట్లతో తన పాత రికార్డులన్నిటినీ దాటింది. రెండింటికీ కారణం వడగాలులూ, వాటికి జడిసి జనం తిప్పిన ఏసీలూ కూలర్లే. తెలంగాణ మాత్రం ఈ వరుసలో ఇమడదు. రాష్ట్రంలో 2023లో గరిష్ఠ డిమాండ్ 15,497 మెగావాట్లుగా మార్చి 30న నమోదయింది, 2024 మార్చి 8న అది 15,623 మెగావాట్లకు చేరింది, 2025 మార్చిలో పదిహేడు వేల మెగావాట్లు దాటింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత ఉన్న నేలలో, ఆ కార్తె రావడానికి రెండు నెలల ముందే కరెంటు వాడకం శిఖరాన్ని తాకి, ఎండలు ముదిరేసరికి దిగివస్తున్నదంటే, దానికి కారణాన్ని ఉష్ణమాపకంలో కాక మరోచోట వెతకవలసి ఉంటుంది.

అలా వెతకడానికి ఘనపూర్ పేరున్న రెండు ఊళ్లు అనువైనవి. జనగామ జిల్లాలోని స్టేషన్ ఘనపూర్ కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం మీద ఉన్నందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఊరి జలాశయంలోకి గోదావరి నీరు దేవాదుల ఎత్తిపోతల ద్వారా వస్తుంది. భూపాలపల్లి జిల్లాలోని రెండో ఘనపూర్‌ను, అంటే పూర్వం ములుగు ఘనపూర్ అన్నదాన్ని, ఇప్పుడు గణపురం అంటున్నారు. కాకతీయుల నాటి గణపసముద్రం చెరువూ కోటగుళ్లూ ఉన్న ఈ మండలంలోని చెల్పూరులోనే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 500 మెగావాట్ల మొదటి దశ 2010లోనూ, 600 మెగావాట్ల రెండో దశ 2016లోనూ ఉత్పత్తిలోకి వచ్చాయి. ఒక ఘనపూర్ కరెంటు తాగి నీళ్లిస్తుంది, రెండోది బొగ్గు తిని కరెంటిస్తుంది. అయినా చెల్పూరులో పుట్టిన కరెంటు చెల్పూరు ఇళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు. అది రాష్ట్ర గ్రిడ్‌లో కలిసిపోతుంది, ఏ ఊరికి ఎంత అందాలన్నది ఉత్పత్తి కేంద్రం ఎంత దగ్గరగా ఉన్నదన్న దానిమీద కాక, ఆ ఊళ్లో ఏ క్షణాన ఎన్ని మోటర్లు, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న దానిమీద ఆధారపడుతుంది.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చూడాలి. చెరువు తూములోంచి ఒక్క క్షణంలో దూకే ధార ఎంత లావుగా ఉందన్నది ఒక లెక్క, ఆ తూము పగలంతా తెరిచి ఉంటే మొత్తం ఎన్ని నీళ్లు పోయాయన్నది మరో లెక్క. మొదటిదాన్ని విద్యుత్తులో డిమాండ్ అంటారు, కిలోవాట్లలోనూ మెగావాట్లలోనూ కొలుస్తారు, రెండోది వినియోగం, దాన్ని యూనిట్లలో కొలుస్తారు. ఐదు హెచ్‌పీ మోటరు సామర్థ్యం దాదాపు 3.7 కిలోవాట్లు, అది ఎనిమిది గంటలు నడిస్తే సుమారు ముప్పై యూనిట్లు ఖర్చవుతాయి. ఈ లెక్కన మూడు లక్షల మోటర్లు ఒకే క్షణంలో తిరిగితే చెల్పూరు కేంద్రపు 1,100 మెగావాట్లూ వాటికే సరిపోతాయి. రాష్ట్రంలోని వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలకు పైమాటే. విద్యుత్ సంస్థలకు ఖర్చు తెచ్చిపెట్టేది మొత్తం యూనిట్లే కాదు, ఆ ఒక్క గంట శిఖరం కూడా. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే వచ్చే ఆ గంట కోసం సబ్‌స్టేషన్లూ, లైన్లూ, కొనుగోలు ఒప్పందాలూ ఏడాది పొడవునా సిద్ధంగా ఉండాలి. సగటు డిమాండ్‌ను గరిష్ఠ డిమాండ్‌తో భాగిస్తే వచ్చే సంఖ్యను లోడ్ ఫ్యాక్టర్ అంటారు; శిఖరం ఎంత నిటారుగా ఉంటే ఈ సంఖ్య అంత తగ్గుతుంది, యూనిట్ ధర అంత పెరుగుతుంది.

జనగామ, మహబూబాబాద్ వైపు నేల చాలా భాగం గ్రానైటు రాయి. రాతి పగుళ్లలో చిక్కుకున్న నీళ్లే తప్ప అడుగున ఇసుక పొరల్లో ఊరే నీళ్లు లేవు గనుక బోరు లోతుకు పోక తప్పదు, నీళ్లు ఎంత లోతున ఉంటే కరెంటు అంత ఖర్చవుతుంది. ఒక ఘనపు మీటరు నీటిని, అంటే వెయ్యి లీటర్లను, యాభై మీటర్ల లోతునుంచి పైకి తేవడానికి భౌతికశాస్త్రం ప్రకారం కనీసం 0.14 యూనిట్ కావాలి. పొలాల్లో వాడే మోటరు, పైపు, ఫుట్‌వాల్వు అన్నీ కలిపి సామర్థ్యం నలభై శాతమే అనుకుంటే అసలు ఖర్చు 0.34 యూనిట్ అవుతుంది. వరికి నాటు నుంచి కోత దాకా పన్నెండు వందల మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, వాన పడని యాసంగిలో ఎకరం మడికి బోరు నుంచి ఎత్తవలసింది దాదాపు 4,850 ఘనపు మీటర్లు. అంటే ఎకరానికి సుమారు 1,650 యూనిట్లు. నెలకు వంద యూనిట్లు కాల్చే చిన్న ఇల్లు ఏడాది పొడవునా వాడేదానికంటే, ఒక ఎకరం యాసంగి వరి నాలుగు నెలల్లో తాగే కరెంటే ఎక్కువన్నమాట. నీటిమట్టం వంద మీటర్లకు దిగితే ఈ అంకె రెట్టింపవుతుంది. అదే భూమిలో మక్క, పెసర, నువ్వు వంటి ఆరుతడి పంట, అంటే మడి నింపకుండా అప్పుడప్పుడు తడిపితే చాలే పంట, వేస్తే నీరూ కరెంటూ సగానికంటే తక్కువతో సరిపోతాయి. కనుక ఈ ప్రాంతంలో ఒక ఏడాది డిమాండ్ ఎంత అన్నది రైతు ఏ విత్తనం బస్తా ఇంటికి తెచ్చుకున్నాడన్న నిర్ణయంతోనే సగం తేలిపోతుంది.

మార్చికి ఉన్న ప్రత్యేకత ఏమిటో ఇప్పుడు సులువుగా బోధపడుతుంది. యాసంగి నాట్లు డిసెంబరులో మొదలై జనవరి చివరికి, కొన్నిచోట్ల ఫిబ్రవరి మొదటికి ముగుస్తాయి. మార్చి నడిమికి పైరు పొట్ట దశలో, ముందు నాటినచోట పాలు పోసుకునే దశలో ఉంటుంది, ఆ రోజుల్లో మడి ఒక్కసారి ఆరినా తాలు గింజ తప్పదని రైతుకు తెలుసు. అదే సమయంలో ఎండ పెరిగి మడిలోని నీరు ఆవిరవుతుంది, భూగర్భజలం దిగిపోయి మోటరు మీద భారం పెరుగుతుంది, బోరు పోత సన్నబడి ఒకప్పుడు మూడు గంటల్లో నిండిన మడికి ఆరు గంటలు పట్టడం మొదలవుతుంది. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడతాయి. వాటికి తోడు ఇళ్లలో ఫ్యాన్లూ కూలర్లూ అప్పుడే దుమ్ము దులుపుకుంటాయి, హైదరాబాద్‌లో ఏసీలు తెరుచుకుంటాయి. ఏప్రిల్ రెండో వారానికి కోతలు మొదలయి మడులకు నీళ్లు ఆపేస్తారు. మే నెలలో ఎండ నలభై నాలుగు డిగ్రీలకు పోయినా అప్పటికి పొలాల్లో లక్షల మోటర్లు ఆగిపోయి ఉంటాయి, ఏసీలు పెంచిన భారం ఆ లోటును పూడ్చలేదు.

దీనికి 2023 మార్చి మంచి ఉదాహరణ. ఆ నెల నడిమిలో మహబూబాబాద్, వరంగల్, ఖమ్మం, కరీంనగర్ ప్రాంతాల్లో వడగళ్ల వానలు పడి పంటలను దెబ్బతీశాయి, 23న అప్పటి ముఖ్యమంత్రి ఆ పొలాలను చూసి ఎకరానికి పదివేల రూపాయల సాయం ప్రకటించారు. వాన పడితే మోటరు కట్టేస్తారు, డిమాండ్ వేల మెగావాట్ల మేర కుంగుతుంది. రెండు రోజులు ఎండ కాస్తే మళ్లీ అన్ని మోటర్లూ ఒక్కసారి మొదలవుతాయి. ఆ ఏటి రికార్డు పడింది వానలు వెలిసిన తరువాత వారం పది రోజులకే, 30వ తేదీ ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో. రికార్డు సాయంత్రం దీపాల వేళ కాక పట్టపగలు పడడం కూడా గమనించదగినదే. ఇళ్ల వాడకం శాసించే ప్రాంతంలో శిఖరం పొద్దుగూకాక వస్తుంది, మోటర్లు శాసించే చోట పొద్దెక్కాక వస్తుంది.

వానాకాలంలోనూ ఇదే సూత్రం తిరగబడి పనిచేస్తుంది. దేశంలో 1901 నుంచి నమోదైన లెక్కల్లో అతి తక్కువ వాన పడిన ఆగస్టు 2023దే. చెరువులు నిండవలసిన నెలలో బోర్లు నడవవలసి వచ్చింది. వాన ఉన్న ఏడాది ఆగస్టులో నిద్రపోయే వ్యవసాయ ఫీడర్లు ఆ ఏడాది మెలకువగా ఉన్నాయి.

సరఫరా విధానం కూడా డిమాండ్ రూపాన్ని మలుస్తుంది, ఈ సంగతిని గణాంకాలు చదివేవారు తరచు మరుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004 మేలో వచ్చింది, అయితే రోజుకు ఏడు గంటలే, అదీ పగలు కొంత, రాత్రి కొంత. ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి వంతులవారీగా త్రీఫేజ్ కరెంటు ఇచ్చేవారు. అప్పటి డిమాండ్ రేఖ పంట దాహాన్ని కాక అధికారులు గీసిన వంతుల పట్టికను చూపించేది. 2012–13 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు అమలైన రోజుల్లో నమోదైన గరిష్ఠ అంకె జనం కోరినది కాదు, దొరికినది మాత్రమే. రాష్ట్రం ఏర్పడిన 2014లో ఆరు వేల మెగావాట్లకు లోపున్న డిమాండ్ పదేళ్లలో రెండున్నర రెట్లు దాటిందని చెప్పేటప్పుడు, ఆ పెరుగుదలలో కొంత భాగం కొత్త వాడకం కాదనీ, అంతకుముందు కోతల కింద అణగి ఉన్న వాడకమే బయటపడిందనీ కలిపి చెప్పడం న్యాయం.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలయినప్పుడు ఆటోస్టార్టర్ల గొడవ పెద్ద చర్చ అయింది. ఆటోస్టార్టర్ అంటే కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటరును తిప్పే చిన్న పెట్టె. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం చీకట్లో పొలానికి పోయి పాముకాటుకూ షాకుకూ గురైన రైతు దాన్ని కొనుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. దాని ఫలితం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తెలిసేది. పొలం గట్టున ఉండే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటర్లు ఐదు ఉంటే అవి నడుస్తున్నంతసేపూ దాని శక్తి బొటాబొటిగా సరిపోతుంది. అయితే ఆగి ఉన్న మోటరు కదలడానికి తీసుకునే కరెంటు మామూలుకంటే ఐదారు రెట్లు, ఐదూ ఒక్క క్షణంలో మొదలయితే ఫ్యూజు ఎగిరిపోవాలి, ఫ్యూజులో లావు తీగ బిగించి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవాలి. మోటర్లు వేర్వేరు వేళల్లో నడిచే వీలును ఇంజనీర్లు డైవర్సిటీ అంటారు, అంటే అందరి అవసరమూ ఒకే నిమిషంలో పడకపోవడం. కరెంటు ఎప్పుడూ ఉన్నప్పుడు డైవర్సిటీ పెరగాలి, శిఖరం చదునవ్వాలి. ఆటోస్టార్టర్ మిగిలి ఉన్నంతకాలం చిన్న అంతరాయం తరువాత కూడా ఊరు మొత్తం ఒకేసారి లేస్తుంది, అవసరం తీరిన మడిలోకి కూడా నీళ్లు పోతూనే ఉంటాయి.

ధర ప్రభావం గురించి ఆర్థికశాస్త్రం చెప్పే మాట ఒకటుంది: ధర ఒక శాతం పెరిగితే వాడకం ఎంత శాతం తగ్గుతుందో దాన్ని ధర వ్యాకోచత్వం అంటారు. బిల్లే లేని మోటరుకు ఈ కొలత వర్తించదు; అక్కడ వాడకానికి హద్దు డబ్బు కాదు, బోరులోని నీరు. ఇళ్ల విషయంలో మాత్రం ధర గట్టిగానే పనిచేస్తుంది. 2024 మార్చి బిల్లుల నుంచి అమలైన గృహజ్యోతి పథకంలో అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు ఉండదు గనుక, ఆ గీత దాటకుండా చూసుకోవడమన్నది కొత్త అలవాటుగా ఏర్పడుతుంది; ఏ ధరల పట్టికకూ లేనంత స్పష్టత ఆ ఒక్క గీతకు ఉంది. వ్యవసాయ కనెక్షన్లకు విడివిడిగా మీటర్లు లేవు. ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, వాటి రీడింగుల నుంచి భారతీయ గణాంక సంస్థ రూపొందించిన పద్ధతిలో మొత్తం వాడకాన్ని లెక్కగడతారు. అంటే రాష్ట్ర వినియోగంలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉన్న పద్దు కొలిచినది కాదు, అంచనా వేసినది. దానిమీదే సబ్సిడీ, నష్టాలు, చార్జీల ప్రతిపాదనలు అన్నీ నిలబడి ఉండడం ఈ రంగంలోని పెద్ద బలహీనత.

నీటిని పొలం దాకా తెచ్చే పెద్ద ఎత్తిపోతలు మరో రకం భారం. ఏటూరునాగారం ప్రాంతంలోని గంగారం దగ్గర గోదావరి నుంచి నీటిని అంచెలంచెలుగా ఎత్తి ధర్మసాగర్‌కూ, స్టేషన్ ఘనపూర్ జలాశయానికీ, ఇంకా పైనున్న గండిరామారం, బొమ్మకూరు, తపాస్‌పల్లి వైపూ పంపడం దేవాదుల పని. ఒక టీఎంసీ నీటిని వంద మీటర్లు ఎత్తడానికి, ఎనభై శాతం సామర్థ్యంతో పంపులు నడిచినా, కోటి యూనిట్లకు కాస్త తక్కువ ఖర్చవుతుంది. ఈ భారం సూర్యుణ్ణి కాక నదిని అనుసరిస్తుంది: గోదావరిలో వరద ఉన్న నెలల్లో పంపులు తిరుగుతాయి, నది సన్నబడితే ఆగుతాయి; తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ కట్టింది ఆ వ్యవధిని పొడిగించడానికే. భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న మేడిగడ్డ దగ్గర 2023 అక్టోబరులో బ్యారేజీ పిల్లర్లు కుంగి, అక్కడి నుంచి నీటిని ఎత్తిపోయడం నిలిచిపోయాక కాళేశ్వరం ఎత్తిపోతల తొలి పంపుల భారం గ్రిడ్ మీద లేకుండా పోయింది. విద్యుత్ అంచనాలు ఒక్కోసారి సివిల్ ఇంజనీరింగ్ మీద ఎలా ఆధారపడతాయో దానినిబట్టి తెలుస్తుంది.

జలాశయాలు నిండి, 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల్లో నీరు నిలిచాక బోర్లలో మట్టం పెరిగింది. మట్టం పెరిగితే ఒక్కో ఘనపు మీటరుకు ఖర్చయ్యే కరెంటు తగ్గుతుంది, ఆ మేరకు డిమాండూ తగ్గాలి. జరిగింది దానికి విరుద్ధం. ఒకప్పుడు కరువుకు పేరుమోసిన జనగామ మెట్టలో వట్టిపోయిన బోర్లు మళ్లీ పోయడంతో పత్తి, మక్క వేసిన చెలకలు మడులయ్యాయి. రాష్ట్రం మొత్తం మీద చూస్తే, 2014–15లో పదిహేను లక్షల ఎకరాల లోపే ఉన్న యాసంగి వరి 2022–23 నాటికి యాభై లక్షల ఎకరాలు దాటింది. ఎకరానికి ఆదా అయిన కరెంటును పెరిగిన ఎకరాలు మింగేశాయి. ధాన్యం కొనుగోలుకు ఉన్న భరోసా మరే పంటకూ లేనప్పుడు రైతును తప్పుపట్టి లాభం లేదు. మద్దతు ధర ఏ పంటకు నిజంగా అందుతుందో ఆ పంటకు తగ్గట్టే ఫీడరు లోడూ ఉంటుంది.

మిగిలిన భారాలు ఈ ప్రాంతంలో చిన్నవి. భూపాలపల్లి సింగరేణి గనులకు పగలూ రాత్రీ తేడా లేని స్థిరమైన వాడకం ఉంటుంది; జిన్నింగ్ మిల్లులు పత్తి వచ్చే అక్టోబరు నుంచి శీతాకాలమంతా, రైస్ మిల్లులు రెండు కోతల తరువాతా ఊపందుకుంటాయి; స్టేషన్ ఘనపూర్, మహబూబాబాద్ మీదుగా పోయే విద్యుత్ రైళ్లకు ఋతువుతో పనిలేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతరకు అడవి నడుమ నాలుగు రోజుల పాటు ఒక నగరమే లేస్తుంది, దానికోసం ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చి నిలబెడతారు.

పొరుగు ప్రాంతాలతో పోల్చితే నేల తేడా మరింత తేటపడుతుంది. హైదరాబాద్ నగర డిమాండ్ 2024 వేసవిలో నాలుగు వేల మెగావాట్లు దాటింది, అది ముమ్మాటికీ ఎండ లెక్కే. కృష్ణా గోదావరి డెల్టాల్లో అంతే వరి ఉన్నా కాలువ నీరు పల్లానికి తనంతట పారుతుంది గనుక మడికి కరెంటు దాదాపు అక్కరలేదు. అక్కడి భారం చేపల, రొయ్యల చెరువులది, రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక ఏరేటర్లు తెల్లవార్లూ తిరగాలి.

హైదరాబాద్‌లోని రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం రోజును పదిహేను నిమిషాల చొప్పున తొంభై ఆరు ముక్కలు చేసి ప్రతి ముక్కకూ ఎంత కావాలో ముందు రోజే అంచనా కడుతుంది. అంచనా తప్పితే లోటును పవర్ ఎక్స్చేంజీలో ఆ పూట ధరకు కొనాలి, మిగులుంటే ఉత్పత్తి తగ్గించాలి. రేపటి అంచనాకు వాతావరణ సూచన చాలు. హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ పంపిణీ సంస్థ మార్చి శిఖరానికి సిద్ధం కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్లూ లైన్లూ కొనుగోలు ఒప్పందాలూ వారాల ముందే కుదరాలి, అంత ముందుగా ఏ వాతావరణ కేంద్రమూ మార్చి ఎండను కచ్చితంగా చెప్పలేదు. అంత ముందుగా తెలిసేది ఒక్కటే: ఘనపూర్ మండలాల్లో ఎన్ని ఎకరాలకు యాసంగి నాటు పడిందన్నది. ఆ లెక్క ఊరూరా తిరిగే వ్యవసాయ విస్తరణాధికారి నమోదులో ఫిబ్రవరి మొదటి వారానికే ఉంటుంది.